కోసే ముందు చెప్పాల్సిన మాట

మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక వీడియో తిరిగింది. బ్రిటన్‌లో ఒకాయనకి ఇన్ఫెక్షన్ సోకి పురుషాంగం పోయింది. డాక్టర్లు ఆయన ముంజేతి చర్మంతోనే కొత్తది తయారుచేశారు. తీరా దాన్ని అసలు చోట అమర్చే సమయానికి అడ్డంకులు వచ్చిపడ్డాయి. ఒకదాని వెనక ఒకటి వాయిదాలు. ఆరేళ్లు అది ఆయన చేతిమీదే ఉండిపోయింది. 2021లో గానీ ఆ పని పూర్తి కాలేదు.

గ్రూపులో నవ్వుల బొమ్మలు వరసపెట్టి పడ్డాయి. పొద్దున్నే గుళ్ళ ఫొటోలు పెట్టేవాళ్ళు, అమ్మాయి పెళ్ళికి పిలిచేవాళ్ళు, అందరూ నవ్వారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. అదే వీడియోలో ఆయన చెయ్యి పోయి ఉంటే "అయ్యో పాపం" అనేవాళ్ళే. మూడేళ్ల కిందటైతే వాళ్ళతోపాటు నేనూ నవ్వేవాణ్ణి. ఆ మాట దాచుకోను.

ఈ మూడేళ్లలో మా బాబాయి విషయం జరిగింది. ఆయన్ని అడిగి, ఆయన సరేనన్నాకే ఇది రాస్తున్నాను. పేరు, ఊరు రాయొద్దన్నాడు. గోదావరి జిల్లాల్లో ఒక పల్లెటూరు అని మాత్రం చెప్పగలను. మా బాబాయి టైలరు. ఇప్పుడు 57 ఏళ్లు.

వరిబీజం అని చెప్పుకున్నాం

మొదట దురద. తర్వాత ముందు తోలు వెనక్కి రావడం మానేసింది. షుగర్ ఉంది కాబట్టి మామూలేనని ఊళ్ళో ఆరెంపీ డాక్టరు పూత మందు రాసిచ్చాడు. ఒక ట్యూబు అయిపోతే ఇంకో ట్యూబు. ఏడాదిన్నర అలాగే గడిచింది. తోలు కింద పుండు ఉందని బాబాయికి తెలుసు, కానీ ఎవరికీ చూపించలేదు. బట్టలు ఉతికేటప్పుడు మరకలు, వాసన చూసి పిన్ని పసిగట్టింది. అప్పటికే గజ్జల్లో బిళ్ళలు కట్టాయి.

పట్నంలో ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సర్ అని తేలింది. డాక్టరు ఆ మాట బాబాయికి చెప్పలేదు. నన్నూ నాన్ననీ వరండాలోకి పిలిచి చెప్పాడు. "మొత్తం తీసేయాలి. ఆలస్యం చేశారు. ప్రాణానికి భయం లేదులెండి." పిన్ని మంచం దగ్గర నిలబడి ఉంటే, పరీక్ష చేయాలి బయటికి వెళ్ళమ్మా అని నర్సు పంపించేసింది. ఆ తర్వాత ఆవిణ్ణి ఎవరూ లోపలికి పిలవలేదు.

సాయంత్రం సంతకాల కాగితం వచ్చింది. ఆపరేషన్ పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషులో గిలికి ఉంది. బాబాయి నా మొహంలోకి చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయనకి అర్థమైంది. డ్యూటీ డాక్టర్ని ఒక్కటే అడిగాడు.

"నిలబడి పోసుకోవచ్చాండీ?"

"కూర్చునే వెళ్ళాలి పెద్దాయనా, ఆడవాళ్ళలాగా," అని ఆ కుర్రాడు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

అంతే. మళ్ళీ తయారుచేయొచ్చని గానీ, దానికి ఎంతకాలం ఆగాలో, ఎక్కడికి వెళ్ళాలో గానీ ఒక్క ముక్క ఎవరూ అనలేదు. వృషణాలు ఉంచుతాం కాబట్టి గడ్డం, గొంతు, కోరిక అన్నీ ఎప్పటిలాగే ఉంటాయనీ చెప్పలేదు. ఆయన ప్రాణం నిలబెట్టింది ఆ డాక్టర్లే, అది నేను మర్చిపోను. ఆ వార్డులో ఎంతమంది ఉన్నారో, ఎంత తక్కువ మంది డాక్టర్లు చూస్తున్నారో కళ్ళారా చూశాను. అయినా ఆ రెండు నిమిషాల మాట ఖరీదెంతో తర్వాత మూడేళ్లూ చూశాను.

ఊళ్ళో అందరికీ వరిబీజం ఆపరేషన్ అని చెప్పాం. మా వైపు వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. కాలవలు, దోమలు, బోదకాలు ఉన్న నేల అది. వరిబీజం ఉన్న మగవాళ్ళు ఒకప్పుడు వీధికొకరు ఉండేవారు. టీ కొట్టు దగ్గర "ఎప్పుడు కోయించుకుంటావ్ మరి" అని బాహాటంగానే అడిగేవారు. అందులో సిగ్గు లేదు. దానికి నాలుగు వేళ్ళ దూరంలో ఉన్న ఇంకో అవయవానికి జబ్బు చేస్తే మాత్రం ఇంట్లో వాళ్ళు కూడా నోరెత్తరు.

ఆపరేషన్‌లో వృషణాల వెనక చిన్న దారి చేసి మూత్రం అటు నుంచి వచ్చేలా పెట్టారు. ఆరోగ్యపరంగా అది మంచి పద్ధతే. చాలామంది అలాగే హాయిగా బతుకుతారట. కానీ బాబాయి కొట్టు చూడండి. పది అడుగుల గది. వెనక పంట కాలవ గట్టు. ముప్పై ఏళ్లుగా ఆయనకీ పక్క కొట్ల వాళ్ళకీ ఆ గట్టే గతి. ఇప్పుడు ప్రతిసారీ షట్టరు దించి, సైకిలెక్కి ఇంటికి పోవాలి. అస్తమానూ కొట్టు ఎందుకు మూస్తున్నావని అడిగేవాళ్ళకి జవాబు చెప్పలేక నీళ్ళు తాగడం తగ్గించేశాడు. మే నెలలో మిషన్ ముందు కూర్చుని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్క గ్లాసుతో సరిపెట్టేవాడు. రెండో ఎండాకాలం మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి, చలిజ్వరంతో మళ్ళీ ఆసుపత్రిలో పడ్డాడు.

అన్నవరంలో మా చెల్లెలి వ్రతానికి అందరం బస్సు మాట్లాడుకుని వెళ్ళాం. దారిలో ఆపారు. మగవాళ్ళంతా దిగి తుప్పల వైపు నడిచారు. బాబాయి కిటికీ పక్కన కూర్చుని, నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. పంచె మీద ఆయన రెండు చేతులూ బిగుసుకుని ఉన్నాయి. నేనూ దిగలేదు.

మర్మం అనే మాట

పేపర్లో ఇలాంటి వార్త వస్తే "మర్మాంగం" అని రాస్తారు. మర్మం అంటే రహస్యం అని మనం అర్థం చెప్పుకుంటాం. ఆ మాటకి ఇంకో అర్థం ఉంది, ఆయువుపట్టు అని. దెబ్బ తగిలితే మనిషి నిలవలేని చోటుని పాత వైద్య గ్రంథాల్లో మర్మం అన్నారు. మనం రహస్యం అనే అర్థం ఉంచుకుని ఆయువుపట్టు అనే అర్థం వదిలేశాం. దాచాల్సింది అన్న సంగతే గుర్తుంది. కాపాడుకోవాల్సింది అన్న సంగతి గుర్తులేదు.

ఈ మౌనం వల్ల పోయేది పరువు ఒక్కటే అనుకునేవాణ్ణి. కాదు, కండ పోతుంది. పురుషాంగానికి వచ్చే క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ చర్మంలోనే మొదలవుతుంది. పాశ్చాత్య దేశాల కంటే మన దేశంలో ఎక్కువ. ముందు తోలు వెనక్కి రాకపోవడం, లోపల శుభ్రం లేకపోవడం, హెచ్‌పీవీ వైరస్, పొగాకు దీనికి దారితీస్తాయి. మొదట్లోనే ఆసుపత్రికి వస్తే పుండు ఉన్నంత మేర తీసి, తొడ చర్మం అతికించి అవయవాన్ని ఉంచేయొచ్చు. ఒకప్పుడు పుండు చుట్టూ 2 సెంటీమీటర్లు అదనంగా కోసేవారు. కొద్ది మిల్లీమీటర్లు చాలని తర్వాత తేలింది. అంటే తొందరగా వచ్చినవాడికి చాలా భాగం మిగులుతుంది. బాబాయి పూత మందు రాసుకున్న ఏడాదిన్నరలో పోయింది ఆ మిగలాల్సిన భాగమే.

క్యాన్సర్ ఒక్కటే కాదు. పొలంలో నూర్పిడి మిషన్ బెల్టులో లుంగీ చిక్కుకుని తోలు ఊడివచ్చేవాళ్ళున్నారు. కరెంటు షాకు తగిలినవాళ్ళున్నారు. షుగర్ అదుపులో లేనివాళ్ళకి ఆ ప్రాంతంలో గబగబా కుళ్ళు పాకే ఇన్ఫెక్షన్ వస్తుంది. డాక్టర్లు దాన్ని ఫోర్నియర్ గ్యాంగ్రీన్ అంటారు. ప్రాణం దక్కినా అక్కడి చర్మం పోతుంది. వీళ్ళందరికీ చేయగలిగిన వైద్యం ఉంది. అడిగే నోరే లేదు.

మన చట్టాల్లో కూడా ఈ మౌనం కనిపించింది. తీవ్రమైన గాయం అంటే ఏమిటో చెప్పే పాత శిక్షాస్మృతి 320 సెక్షన్‌లో ఎనిమిది రకాలు ఉండేవి. వాటిలో మొట్టమొదటిది పుంసత్వం పోగొట్టడం. కన్ను పోవడం, చెవి పోవడం దాని తర్వాతే. ఇప్పటి న్యాయ సంహిత 116లోనూ అదే వరస. నేరం జరిగినప్పుడు అన్నిటికంటే ముందు రాసిన ఈ నష్టం, పరిహారం దగ్గరికి వచ్చేసరికి కనపడదు. 1923 నాటి కార్మిక పరిహార చట్టం మొదటి షెడ్యూలులో చేతి బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం అని లెక్క కట్టారు. కాలి వేళ్ళకి కూడా ఒక్కోదానికి ఒక్కో లెక్క పెట్టారు. దీనికి లేదు. జాబితాలో లేనివాటిని డాక్టరు అంచనా వేయొచ్చు, నిజమే. కానీ అంచనా వేయమని ముందు ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి కదా. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. అందులోనూ ఈ పేరు లేదు.

సంపాదన శక్తికీ దీనికీ సంబంధం ఏమిటని అడగొచ్చు. రోజుకి నాలుగుసార్లు షట్టరు దించే టైలర్ని అడగండి.

లోపల అస్తరు, పైన గుడ్డ

హైదరాబాద్‌లో మత్తు డాక్టరుగా పనిచేసే నా స్నేహితుడు ఒకసారి మాటల్లో అన్నాడు, "మీ బాబాయికి మళ్ళీ చేయించొచ్చు కదరా, ఎందుకు అడగలేదు?" అప్పటికి ఆపరేషన్ అయి రెండున్నరేళ్లు. క్యాన్సర్ తిరగబెట్టలేదు. అది వినేదాకా అలాంటిది ఒకటి ఉందని నాకే తెలియదు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, రోజూ పది రకాలు చదివేవాణ్ణి.

చర్మం డాక్టరు దగ్గరికి అని పిన్నికి చెప్పి ఇద్దరం బయల్దేరాం. ప్లాస్టిక్ సర్జన్ ముందు బాబాయి కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆవిడ ఏ ప్రశ్నా అడక్కముందే ఎడమ చెయ్యి చాపమంది. మణికట్టుకి రెండు పక్కలా బొటనవేళ్ళతో గట్టిగా నొక్కిపట్టి, "పిడికిలి బిగించండి, వదలండి, మళ్ళీ," అంది. అరచెయ్యి మైదాపిండిలా తెల్లబడిపోయింది. చిటికెనవేలి వైపు మాత్రం వేలు తీసింది. రెండు మూడు క్షణాల్లో ఎరుపు అరచేతిలోంచి వేళ్ళ కొసల దాకా పాకింది.

"ఈ చేతికి రక్తం రెండు నాళాల్లో వస్తుంది. ఒకటి నేను తీసుకుంటే రెండోది మొత్తం చేతిని పోషిస్తుందా లేదా అని చూశాను. పోషిస్తుంది," అంది.

తర్వాత కాగితం మీద బొమ్మ గీసింది. ముంజేతి చర్మాన్ని దాని రక్తనాళాలతో, నరాలతో సహా ఒక పట్టీలా లేపుతారు. సన్నటి భాగాన్ని చర్మం లోపలికి వచ్చేలా చుట్టి గొట్టం చేస్తారు, అది మూత్రనాళం. వెడల్పు భాగాన్ని చర్మం బయటికి ఉండేలా దాని మీద చుడతారు. గొట్టంలో గొట్టం.

బాబాయి జేబులోంచి చేతిరుమాలు తీశాడు. బల్ల మీద పరిచి, ఒక అంచు లోపలికి తిప్పి చుట్టి, మిగతాది దాని మీదుగా తెచ్చి పట్టుకున్నాడు. "లోపల అస్తరు, పైన గుడ్డ. మరి మధ్యలో ఇక్కడ రెండూ కలిసే చోట?"

"అక్కడ ఒక సన్నటి పట్టీ మీద పైచర్మం గీసేస్తాం."

"కుట్టుకి వదిలే గుడ్డన్నమాట."

"అదే," అంది ఆవిడ. బొమ్మ మీదనుంచి తలెత్తి మొదటిసారి ఆయన మొహం చూసింది.

"దారం ఎన్నో నంబరండీ?"

"వెంట్రుక కంటే సన్నం. మైక్రోస్కోపు కింద కుడతాం."

మూడేళ్లలో ఆ విషయం గురించి బాబాయి అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. అది ఆయన పనికి సంబంధించిన భాషలోకి వచ్చాక సిగ్గు పక్కకి పోయింది. చేతులు మాట్లాడాయి.

చెడ్డ కబుర్లు కూడా ఆవిడ దాచలేదు. పది పన్నెండు గంటలు పట్టొచ్చు. చెయ్యి మీద తొడ చర్మం వేస్తారు, ఆ మచ్చ జన్మంతా కనిపిస్తుంది. కొత్త నాళం పాత దారితో కలిసే చోట కారడం, సన్నబడి మూసుకుపోవడం ఎక్కువగా వచ్చే ఇబ్బందులు. వాటికి మళ్ళీ ఆపరేషన్. నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి స్పర్శ రావడానికి నెలలు పడుతుంది. దానంతట అది గట్టిపడదు. ఆ కోరిక ఉంటే, స్పర్శ వచ్చాక, ఏడాది తర్వాత లోపల పరికరం పెట్టాలి. చెయ్యి ఇవ్వడం ఇష్టం లేకపోతే తొడ నుంచి తీసే పద్ధతి ఉంది. ఏమీ చేయించుకోకుండా ఉండిపోవడం కూడా ఒక దారేనని ఆవిడే చెప్పింది.

ఇంటికొచ్చాక నేను ఈ వైద్యం ఎక్కడ మొదలైందో చదివాను. 1936లో సోవియట్ రష్యాలో నికొలాయ్ బొగొరాజ్ అనే సర్జన్ పొట్ట చర్మాన్ని గొట్టంలా చుట్టి, లోపల పక్కటెముక మృదులాస్థి పెట్టి, మొదటిసారి పూర్తి పురుషాంగాన్ని తయారుచేశాడు. ఆయనకి రెండు కాళ్ళూ లేవు. 1920లో ట్రాము కింద పడి పోయాయి. కృత్రిమ కాళ్ళ మీద నిలబడి ఆపరేషన్లు చేసేవాడు. అవయవం పోవడమంటే ఏమిటో తెలిసినవాడు కాబట్టే అందరూ మాట్లాడటానికి కూడా జంకే అవయవం మీద అంత కష్టపడ్డాడని నాకనిపిస్తుంది. ముంజేతి పద్ధతి చైనా సర్జన్లు చాంగ్, హ్వాంగ్ 1984లో ప్రచురించారు. పొట్ట చర్మాన్ని నెలల తరబడి అంచెలంచెలుగా జరుపుకుంటూ వచ్చే పని వాళ్ళ వల్ల ఒక్క ఆపరేషన్‌లోకి వచ్చింది.

థాయ్‌లాండ్ కథ కూడా తెలుసుకున్నాను. 1970లలో అక్కడ భార్యలు భర్తల అంగం కోసేసిన ఘటనలు వరసగా జరిగాయి. దేశమంతా దాని మీద జోకులే. బ్యాంకాక్ సిరిరాజ్ ఆసుపత్రి డాక్టర్లు మాత్రం తెగినవాటిని తిరిగి అతికించడం నేర్చుకుని, 18 మందికి అలా చేసిన అనుభవాన్ని 1983లో ప్రచురించారు. తెగిన భాగాన్ని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరుని ఐసులో ఉంచి గంటల్లో తీసుకెళ్ళాలి. ఐసు నేరుగా తగలకూడదు. వేలు తెగితే ఏం చేయాలో మన కార్ఖానాల్లో చాలామందికి తెలుసు. ఇదీ అదే పద్ధతి.

వాల్మీకి బాలకాండలో ఒక ఘట్టం ఉంది. గౌతముడి శాపంతో ఇంద్రుడి వృషణాలు రాలిపోతే, ఆయన దేవతలని ప్రాధేయపడతాడు. అగ్ని పితృదేవతలతో మాట్లాడతాడు. వాళ్ళు పొట్టేలు వృషణాలు తెచ్చి అమరుస్తారు. మేషవృషణుడని పేరు కూడా వచ్చింది. మనం పిల్లలకి వెయ్యి కళ్ళ కథ చెప్తాం గానీ ఇది చెప్పం. అది పాతకాలపు సర్జరీ అని నేననడం లేదు, అది కథ. తప్పు చేసి పోగొట్టుకున్నవాడి లోటు గురించి కూడా దేవతలు మాట్లాడుకున్నారు, నవ్వలేదు. ఆ ముక్క నాకు నచ్చింది.

నన్ను ఇంకా తొలిచే ప్రశ్నలు

"ప్రాణం దక్కింది, ఇద్దరు పిల్లలున్నారు, యాభై దాటాయి, ఇంకెందుకురా ఈ కోతలు?" ఇది మా నాన్న మాట. తమ్ముడి మీద ప్రేమతోనే అన్నాడు. కాలు పోయినవాడికి జైపూర్ కాలు పెట్టించేటప్పుడు "నీకు పిల్లలున్నారు కదా, ఇంకెక్కడికి నడుస్తావ్" అని ఎవరూ అడగరు. ఈ అవయవానికి రెండే పనులున్నాయని, అందులో ఒకటి వయసుతో అయిపోతుందని మనం లెక్క వేసుకున్నాం. రెండో పని రోజూ ఆరేడుసార్లు ఉంటుందని మర్చిపోయాం. మొదటిది ఎప్పుడు అయిపోతుందో చెప్పడానికి కూడా నాన్న ఎవరు, నేనెవరు?

అయినా నాన్న మాటలో ఒక నిజం నన్ను వదల్లేదు. బాబాయిని నేను తోస్తున్నానా? ఆసుపత్రిలో తల దించుకున్నందుకు ప్రాయశ్చిత్తంగా ఆయన చేతి చర్మం ఒలిపించాలనుకుంటున్నానా? నాళం కారితే, మళ్ళీ మళ్ళీ కోయాల్సివస్తే, అప్పుడు కొట్టు మూసుకుని నెలల తరబడి కూర్చునేది ఆయనే. ఈ అనుమానం వచ్చిన దగ్గర్నుంచి నేను "చేయించుకో" అనడం మానేశాను. నేను వాదించేది అందరికీ ఆపరేషన్ చేయాలని కాదు. అంగం తీసేసే ప్రతి మనిషికీ, తీసే ముందే, ఇలాంటిది ఉందని, దానికి ఇంత కష్టముందని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పాక వద్దంటే వద్దు.

దీనికంటే లోతైన సందేహం ఇంకోటి. మగతనం అంతా అక్కడే ఉందనే మూఢనమ్మకంతోనే కదా ఇన్ని ఘోరాలు జరుగుతున్నాయి. మళ్ళీ తయారుచేసుకోవాలి అని రాస్తే నేను ఆ నమ్మకానికే బలం ఇస్తున్నానా? దీని మీద చాలా రోజులు ఆలోచించాను. నాకు దారి చూపించింది మైకేల్ డిల్లన్ జీవితం. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతకాలనుకున్న బ్రిటిష్ వైద్యుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల ముఖాలు బాగుచేసిన హెరాల్డ్ గిలీస్ 1946 నుంచి 49 వరకు ఆయనకి 13 ఆపరేషన్లు చేశాడు. చివరి రోజుల్లో డిల్లన్ బౌద్ధుడై మన దేశం వచ్చి, 1962లో డల్హౌసీలో కన్నుమూశాడు. గిలీస్ కత్తి పట్టకముందే ఆయన మగవాడు. తన దృష్టిలో, తన నడకలో, తన కాగితాల్లో. ఈ ఆపరేషన్ జోలికి వెళ్ళకుండానే మగవాళ్ళుగా బతుకుతున్న ట్రాన్స్ పురుషులు ఇవాళ ఎందరో ఉన్నారు.

మగతనం అక్కడ లేదు. అది ఒక అవయవం, చెయ్యిలాగా, ముక్కులాగా. అవయవమే కాబట్టి పోతే బాధపడొచ్చు, దొరికితే బాగుచేయించుకోవచ్చు, వద్దనుకుంటే మానేయొచ్చు. "మగతనం పోయింది" అనేవాళ్ళకీ "ఇంకెందుకు" అనేవాళ్ళకీ ఈ ఒక్క మాటే నా జవాబు.

అవయవ మార్పిడి గురించి కూడా అడుగుతారు. కేప్‌టౌన్ టైగర్‌బర్గ్ ఆసుపత్రిలో 2014 డిసెంబరులో, సున్తీ ఆచారం వికటించి అంగం పోయిన 21 ఏళ్ల కుర్రాడికి తొమ్మిది గంటలు ఆపరేషన్ చేసి దాత అంగం అమర్చారు. 2018లో బాల్టిమోర్ జాన్స్ హాప్కిన్స్‌లో అఫ్గానిస్తాన్‌లో గాయపడిన సైనికుడికి చేశారు. వృషణాలు మాత్రం అమర్చలేదు, పుట్టే పిల్లలు దాత పిల్లలవుతారు కాబట్టి. అద్భుతమైన పనులే. కానీ జీవితాంతం రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడాలి. క్యాన్సర్ వచ్చి తగ్గినవాడికి అది చిన్న విషయం కాదు. 2016లో బోస్టన్‌లో క్యాన్సర్ వల్ల కోల్పోయిన థామస్ మానింగ్ అనే 64 ఏళ్ల ఆయనకి కూడా చేశారు. ఆయన తన పేరు, ఫొటో దాచుకోలేదు. ఇలాంటివాళ్ళు సిగ్గుతో దాక్కోకూడదని మీడియా ముందుకొచ్చాడు. బాబాయికి ఆ ఫొటో చూపించాను. చాలాసేపు చూసి, "ఆయన ఊరు పెద్దది," అన్నాడు.

పిన్నిని అడగని సంగతి

2006లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకాయనకి మొదటిసారి ఈ అవయవ మార్పిడి చేశారు. రక్తప్రసరణ బాగానే ఉంది. అయినా రెండు వారాలకి తీసేయాల్సివచ్చింది, ఆయనా ఆయన భార్యా మనసులో దాన్ని తట్టుకోలేకపోయారని. అది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. డాక్టర్లు, నేను, నాన్న, స్నేహితుడు, ఇంతమందిమి మాట్లాడుకున్నాం. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషితో ఎవరమూ మాట్లాడలేదు. ఆసుపత్రిలో బయటికి పంపిన నర్సుని తప్పుపట్టిన నేనే, హైదరాబాద్ వెళ్ళేటప్పుడు చర్మం డాక్టరు అని అబద్ధం చెప్పాను.

వెళ్ళి చెప్పాను. పిన్ని దొడ్లో గోంగూర కోస్తోంది. కోయడం ఆపలేదు.

"నాకు తెలుసురా. ఆయన రుమాలు ఉతుకుతుంటే చూశాను. మడతలు పెట్టి పెట్టి చారలు పడ్డాయి. అడిగితే చెప్పాడు." కాసేపు ఆగి, "నన్నెవరూ ఏమీ అడగలేదు. కోసేటప్పుడూ అడగలేదు, కుట్టేటప్పుడూ అడగలేదు," అంది.

"నీకేమనిపిస్తోంది పిన్నీ?"

"ఆయన మంచినీళ్ళు తాగితే చాలు నాకు. ఎడమ చెయ్యి ఎందుకు తీసుకోవాలి, తొడనుంచి తీయరా? బట్ట పట్టుకునేది ఆ చేత్తోనే కదా. అది అడగాలి."

నాకు గానీ, బాబాయికి గానీ ఆ ప్రశ్న తట్టలేదు. కత్తిరించేటప్పుడు గుడ్డ జారకుండా అదిమిపట్టేది, మిషన్ కింద తిప్పేది ఎడమ చెయ్యే. కుడిచేతి వాటం కాబట్టి ఎడమది తీసుకుంటామని సర్జన్ అన్నప్పుడు మేమిద్దరం తలూపి వచ్చేశాం.

బాబాయి ఇంకా తేల్చుకోలేదు. సంక్రాంతి కుట్టుపని అయ్యాక చూద్దాం అంటున్నాడు. పోయిన వారం ముగ్గురం మళ్ళీ హైదరాబాద్ వెళ్ళాం. కింద కౌంటర్ దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. కంప్యూటర్ ముందు అమ్మాయి "ఏం ప్రాబ్లం అండీ?" అని అడిగింది. బాబాయి నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే పిన్ని ముందుకు జరిగి అద్దంలో ఉన్న కంత దగ్గరికి వంగింది.

"క్యాన్సర్ వచ్చి మా ఆయనకి పురుషాంగం తీసేశారమ్మా. మళ్ళీ చేస్తారంట కదా. అందుకొచ్చాం."

వెనక లైనులో ఎవరో కదిలారు. ఆ అమ్మాయి టైపు చేసుకుంటూనే, "పాత రిపోర్టులు తెచ్చారా? మూడో అంతస్తు, ప్లాస్టిక్ సర్జరీ, టోకెన్ పదకొండు," అని చీటీ చించి ఇచ్చింది. లిఫ్టు దగ్గర బాబాయి పిన్ని సంచిలోంచి నీళ్ళ సీసా తీసుకుని మూత తిప్పాడు.